ఫెయిలైన టెస్టు దారిలో బ్రౌజర్ ఇంజిన్‌లోకి

బ్రౌజర్ ఇంజిన్ (వెబ్ పేజీ కోడ్‌ని తెర మీద పేజీగా గీసే భాగం) మీద పని చేయాలని ఉత్సాహపడేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి? కోడ్ లక్షల లైన్లు, స్పెసిఫికేషన్లు (వెబ్ ఎలా పని చేయాలో చెప్పే ప్రమాణ పత్రాలు) వేల పేజీలు. మొదటి ఫైలు నుంచి వరసగా చదువుకుంటూ పోతే నెలలు గడిచినా ఒక్క ప్యాచ్ (కోడ్ సవరణ) బయటికి రాదు. నేను చెప్పే దారి ఇది. ఇంజిన్‌ని బిల్డ్ చేయండి, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేసుకోండి. ఫెయిలవుతున్న చిన్న టెస్టు ఒకటి పట్టుకోండి. ఆ టెస్టు దేన్ని పరీక్షిస్తోందో స్పెసిఫికేషన్‌లో ఆ పేరా తెరవండి. ఆ పేరా కోడ్‌లో ఏ ఫంక్షన్‌గా ఉందో వెతకండి. ఈ నాలుగూ ఒక్కసారి చివరిదాకా చేస్తే ఇంజిన్ గురించి తెలిసేదానికీ, పుస్తకంలో బొమ్మలు చూసి తెలుసుకునేదానికీ పోలికే ఉండదు.

ఓపెన్ సోర్స్‌లో ఇప్పుడు చేయి పెట్టదగ్గ పెద్ద ఇంజిన్లు ఐదు. క్రోమియంలోని బ్లింక్, సఫారీ వెనకున్న వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో, రస్ట్‌లో రాస్తున్న సర్వో, సీ++లో కొత్తగా రాస్తున్న లేడీబర్డ్. మొదటి రెండూ ఒకే వంశం: కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టు వాళ్ల కేహెచ్‌టీఎంఎల్ ఇంజిన్ నుంచి ఆపిల్ వెబ్‌కిట్‌ని తయారుచేసుకుంది, 2013లో గూగుల్ అందులోంచి బ్లింక్‌ని చీల్చుకుంది. సర్వో 2012లో మొజిల్లాలో పరిశోధన ప్రాజెక్టుగా మొదలై, 2020లో లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరింది. లేడీబర్డ్ సెరెనిటీ ఓఎస్‌లో భాగంగా పుట్టి 2024లో వేరు కాపురం పెట్టింది.

కొత్తవాళ్లకి నేను సర్వోనే సూచిస్తాను. క్రోమియం బిల్డ్‌కి వాళ్ల డాక్యుమెంటేషనే 100 జీబీ ఖాళీ డిస్కు అడుగుతుంది, 16 జీబీకి మించిన ర్యామ్ ఉంటే మంచిదంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో జావాస్క్రిప్ట్ భాగాన్నే ముట్టుకునేవాళ్లకి ఆర్టిఫాక్ట్ బిల్డ్ అనే సౌకర్యం ఉంది, సీ++ అంతా ముందే కంపైలై దిగుతుంది. కానీ మనం పని చేయాలనుకునేది సరిగ్గా ఆ లోపలి భాగం మీదే కాబట్టి అది అక్కరకు రాదు. సర్వోలో ఇంకా పూడ్చాల్సిన ఖాళీలు చాలా ఉన్నాయి. ఒక మనిషి ఒక వారాంతంలో సరిచేయగలిగినంత చిన్న ఫెయిల్యూర్లు దొరుకుతాయి. పాత పెద్ద ఇంజిన్లలో మిగిలిన బగ్గులు చాలావరకు అలా ఉండవు, తేలికవన్నీ ఎప్పుడో అయిపోయాయి.

బిల్డ్

16 జీబీ ర్యామ్ ఉంటే నిశ్చింత, 8 జీబీతో కుస్తీ పట్టాలి. డిస్కులో పదుల జీబీ ఖాళీ ఉంచుకోండి. డెవ్ (కోడ్ రాసేటప్పుడు వాడేది), రిలీజ్ (వేగంగా నడిచేది) బిల్డ్‌లు రెండూ పక్కపక్కన ఉంచుకుంటే టార్గెట్ ఫోల్డర్ పెరుగుతూనే ఉంటుంది.

లినక్స్ మీద వరస ఇలా. ముందు రస్ట్‌అప్ (రస్ట్ కంపైలర్‌ని దింపే టూలు), యూవీ అనే పైథాన్ టూలు పెట్టుకోండి. డిస్ట్రో ప్యాకేజీగా వచ్చే రస్ట్ వద్దు. సర్వో రిపోలో ఏ వెర్షన్ రస్ట్ కావాలో రాసి ఉన్న టూల్‌చెయిన్ ఫైలు ఉంటుంది, రస్ట్‌అప్ దాన్ని చదివి సరిగ్గా ఆ వెర్షన్‌నే దింపుకుంటుంది. డిస్ట్రో రస్ట్ ఆ ఫైలుని పట్టించుకోదు. ఫలితంగా ఎక్కడో లోతున ఉన్న క్రేట్‌లో (రస్ట్ కోడ్ ప్యాకేజీలో) అర్థంకాని ఎర్రర్ వస్తుంది, తప్పు మీ కోడ్‌దేమో అని గంటలు పోతాయి. తర్వాత రిపోని క్లోన్ చేయండి. డెప్త్ 1 ఇచ్చి చరిత్ర లేకుండా దింపుకుంటే త్వరగా అవుతుంది గానీ రేపు గిట్ బైసెక్ట్ (బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతకడం) చేయాల్సి వచ్చినప్పుడు చిక్కు. ఫిల్టర్‌గా బ్లాబ్ నన్ ఇస్తే కమిట్ల చరిత్ర ఉంటుంది, పాత ఫైళ్లు మాత్రం అవసరమైనప్పుడు దిగుతాయి. రెండింటికీ మధ్యస్థంగా బాగుంటుంది.

రిపోలోకి వెళ్లి మాక్ బూట్‌స్ట్రాప్ నడపండి. మాక్ అంటే ఆ రిపోలోనే ఉండే కమాండ్ టూలు, ఆపిల్ మాక్ కాదు. ఫాంట్లు, గ్రాఫిక్స్, వీడియోకి కావాల్సిన సిస్టమ్ లైబ్రరీలను అదే పెడుతుంది. తర్వాత మాక్ బిల్డ్, పక్కన డెవ్ ఫ్లాగు. అయ్యాక మాక్ రన్ పక్కన ఏదైనా చిరునామా ఇస్తే కిటికీ తెరుచుకుంటుంది. ఎప్పుడూ మాక్ ద్వారానే బిల్డ్ చేయండి. మాక్ కొన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అమర్చి కార్గోని (రస్ట్ బిల్డ్ టూలుని) పిలుస్తుంది. మధ్యలో మీరు నేరుగా కార్గో బిల్డ్ కొడితే ఆ వేరియబుల్స్ మారిపోయి, కార్గో అన్నీ పాతబడ్డాయనుకుని మొదటినుంచి కంపైల్ చేస్తుంది.

ఎడిటర్‌లో రస్ట్-అనలైజర్ (రాస్తుండగానే తప్పులు చూపే టూలు) వాడేవాళ్లకి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ అది వెనక కార్గో చెక్ నడుపుతుంది. టార్గెట్ ఫోల్డర్ మాక్ వాడేదే అయితే, టెర్మినల్‌లో మీ బిల్డ్ ఫైల్ లాక్ కోసం ఎదురుచూస్తున్నానంటూ ఆగిపోతుంది. లాక్ దొరికాక కూడా అవసరం లేని క్రేట్లన్నీ మళ్లీ కంపైలవుతాయి. విరుగుడు తేలిక: ఎడిటర్ సెట్టింగ్స్‌లో చెక్ కమాండ్‌గా మాక్ క్లిప్పీని (కోడ్ తప్పులు వెతికే కమాండ్) పెట్టి, దానికి వేరే టార్గెట్ ఫోల్డర్ ఇవ్వండి. డిస్కు కొంచెం ఎక్కువ పడుతుంది, రోజుకి గంట మిగులుతుంది.

బిల్డ్‌లో ఎక్కువగా తగిలే దెబ్బ మెమరీది. రస్ట్ కంపైలర్‌కి యూనిట్ క్రేట్. సర్వోలో స్క్రిప్ట్ అనే క్రేట్ డామ్ (పేజీని చెట్టులా చూపే ఆబ్జెక్టులు) మొత్తాన్నీ మోస్తుంది, పైగా జావాస్క్రిప్ట్‌ని రస్ట్‌తో కలపడానికి ఆటోమేటిక్‌గా పుట్టే బైండింగ్స్ కోడ్ ఒకటి. అది కంపైలయ్యేటప్పుడు ర్యామ్ జీబీల్లో పోతుంది. మీరు ఒక్క లైను మార్చినా ఆ క్రేట్ మళ్లీ కదలాల్సిందే. చివర్లో ముక్కలన్నిటినీ ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్ వంతు. కంపైలర్ గానీ లింకర్ గానీ సిగ్నల్ 9తో చచ్చిపోయిందని కనిపిస్తే అది కోడ్ ఎర్రర్ కాదు, ర్యామ్ చాలక కెర్నల్ చంపేసింది. డీమెసేజ్‌లో చూస్తే సాక్ష్యం ఉంటుంది. జాబ్‌ల సంఖ్య 4కో 2కో తగ్గించండి, ఎల్ఎల్‌డీ లేదా మోల్డ్ లింకర్ వాడండి, డీబగ్ సమాచారం తగ్గించండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) పెంచండి. ఈ క్రమంలోనే చేయండి, ఎందుకంటే స్వాప్ మీద నడిచే లింకర్ పూర్తవుతుంది గానీ మెషీన్ ఇంకే పనికీ పనికిరాదు.

లిబ్‌క్లాంగ్ దొరకలేదని వస్తే, అది బైండ్‌జెన్ అడుగుతోంది. సీ++ హెడర్లు చదివి రస్ట్ డిక్లరేషన్లు రాసేది అదే. క్లాంగ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ పెట్టి, లైబ్రరీ ఉన్న ఫోల్డర్‌ని లిబ్‌క్లాంగ్ పాత్ వేరియబుల్‌లో చూపించాలి. వీడియో లైబ్రరీ జీస్ట్రీమర్ దగ్గర ఆగిపోతే, మీ పని వీడియోతో సంబంధం లేనిదైతే, మీడియా స్టాక్‌ని డమ్మీగా పెట్టి ముందుకెళ్లండి. విండోస్‌లో రిపోని డ్రైవ్ మొదట్లోనే చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకోండి, పాత్ పొడవు పరిమితి దాటి వచ్చే ఎర్రర్లు తప్పుతాయి.

డెవ్ బిల్డ్‌లో ఆప్టిమైజేషన్ ఉండదు కాబట్టి పేజీలు నత్తనడక నడుస్తాయి, టెస్టులు టైమవుట్ అవుతాయి. లాజిక్ వెతికేటప్పుడు డెవ్, టెస్టుల గుంపు నడిపేటప్పుడు రిలీజ్. డెవ్‌లో టైమవుట్ అయిన టెస్టుని చూసి వేగం బగ్ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

బైట్ల నుంచి పిక్సెళ్ల దాకా

లోపలి గొలుసు క్లుప్తంగా. నెట్‌వర్క్ నుంచి బైట్లు వస్తాయి. మొదటి 1024 బైట్లలో మెటా చార్‌సెట్ ఉందేమో చూసి ఎన్‌కోడింగ్ తేల్చుకుంటారు. టోకెనైజర్ (అక్షరాల వరసని ట్యాగులుగా, మాటలుగా విడగొట్టేది) 80 స్టేట్‌ల మెషీన్, దాని మీద ట్రీ కట్టేది ఇరవైకి పైగా ఇన్సర్షన్ మోడ్‌ల మెషీన్. ఈ భాగం మీద కొత్తగా ఏమీ రాయకండి. తప్పుగా మూసిన ట్యాగుల్ని సరిచేసే అడాప్షన్ ఏజెన్సీ అల్గారిథమ్‌లో బయటి లూప్ 8 సార్లకి మించకూడదనే అంకె దగ్గర్నుంచి అన్నీ స్పెసిఫికేషన్‌లో ఖరారై ఉన్నాయి, సర్వోలో అది హెచ్‌టీఎంఎల్5ఎవర్ అనే క్రేట్‌గా ఉంది, గట్టిది.

తర్వాత స్టైల్. సర్వోలో పుట్టిన స్టైలో అనే స్టైల్ ఇంజినే 2017లో ఫైర్‌ఫాక్స్ 57లోకి వెళ్లింది. సెలెక్టర్లని కుడినుంచి ఎడమకి పోలుస్తుంది. "డివ్ లోపల పి లోపల ఎ" అని ఉంటే ముందు ఎ ట్యాగు అవునో కాదో చూస్తుంది, ఎందుకంటే చాలా ఎలిమెంట్లు అక్కడే తేలిపోతాయి. పైనున్న ఎలిమెంట్ల జాడ కోసం బ్లూమ్ ఫిల్టర్ (ఒకటి కచ్చితంగా లేదని త్వరగా తేల్చే పట్టిక) పెట్టుకుంటుంది. ఒక సీఎస్ఎస్ ప్రాపర్టీ సర్వోలో పని చేయకపోతే రెండు చోట్ల చూడాలి. స్టైలో పట్టికలో ఆ ప్రాపర్టీ గెకోకి మాత్రమే అని ఉందా, లేక పార్స్ అవుతోంది గానీ లేఅవుట్ దాన్ని పట్టించుకోవడం లేదా. గెట్‌కంప్యూటెడ్‌స్టైల్ పిలిచి విలువ వస్తే రెండోది, ఖాళీగా వస్తే మొదటిది.

లేఅవుట్‌లో (ఏది ఎక్కడ, ఎంత పరిమాణంలో అని తేల్చే దశలో) డామ్ నుంచి బాక్స్ ట్రీ, దాన్నుంచి కొలతలు తేలిన ఫ్రాగ్మెంట్ ట్రీ, దాన్నుంచి డిస్‌ప్లే లిస్టు. ఆ లిస్టుని వెబ్‌రెండర్ జీపీయూతో గీస్తుంది. ఫ్లెక్స్‌బాక్స్ సర్వో సొంతంగా రాసుకుంది, గ్రిడ్‌కి టాఫీ అనే క్రేట్‌ని వాడుకుంటుంది. కాబట్టి గ్రిడ్ బగ్ దొరికితే సరిచేయాల్సింది సర్వోలోనా, టాఫీలోనా అని ముందే తేల్చుకోవాలి.

కొలతల యూనిట్ గురించి ఒక మాట, ఎందుకంటే ఒక పిక్సెల్ తేడాతో ఫెయిలయ్యే టెస్టుల వెనక తరచూ ఇదే ఉంటుంది. గెకో, సర్వో ఒక సీఎస్ఎస్ పిక్సెల్‌ని 60 భాగాలు చేస్తాయి, బ్లింక్ 64 భాగాలు చేస్తుంది. 100 పిక్సెళ్ల వెడల్పుని ముగ్గురికి సమానంగా పంచాలనుకోండి. సర్వోలో 6000 యూనిట్లు, తలా 2000, లెక్క సరి. 64 పద్ధతిలో 6400 యూనిట్లు, తలా 2133, ఒక యూనిట్ మిగిలిపోతుంది. ఇంకో లెక్కలో తప్పు సర్వో వైపూ రావచ్చు. అందుకే లేఅవుట్ కోడ్‌లో విలువలు ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మార్చి మళ్లీ వెనక్కి మార్చే చోటల్లా అనుమానంగా చూడండి. ప్రతి మార్పూ ఒక రౌండింగ్, రెండు చోట్ల వేర్వేరుగా రౌండ్ చేస్తే పక్కపక్క బాక్సుల మధ్య సన్నని గీత కనిపిస్తుంది.

టెస్టుని ఎంచుకోవడం, చదవడం

వెబ్ ప్లాట్‌ఫాం టెస్ట్స్, అందరూ డబ్ల్యూపీటీ అనేది, ఇంజిన్లన్నీ కలిసి పెంచుకుంటున్న టెస్టుల రాశి. సర్వో రిపోలో దాని ప్రతి ఉంటుంది, పక్కనే మెటా అనే ఫోల్డర్‌లో ఏ టెస్టు ఫెయిలవుతుందని ముందే తెలుసో ఐఎన్ఐ ఫైళ్లలో రాసి ఉంటుంది. మీకు కావాల్సిన నిధి ఆ ఫోల్డరే. ఎక్స్‌పెక్టెడ్ ఫెయిల్ అని ఉన్న ప్రతి లైనూ ఎవరో ఒకరు చేయాల్సిన పని.

ఎంచుకునేటప్పుడు నా కొలబద్ద ఇది. ఒక ఫైల్లో ముప్పై సబ్‌టెస్టులుండి ఒకటో రెండో మాత్రమే ఫెయిలవుతుంటే దాన్ని తీసుకోండి: ఫీచర్ ఉంది, ఒక మూల మాత్రమే తప్పింది. ముప్పైకి ముప్పై ఫెయిలైతే ఫీచరే లేదు, అది వారాల పని. టైమవుట్ అని ఉన్నవి మొదట్లో వద్దు, కారణం ఎక్కడైనా ఉండొచ్చు. క్రాష్ అని ఉన్నవి మాత్రం నిరభ్యంతరంగా తీసుకోండి, బ్యాక్‌ట్రేస్ (క్రాష్ దాకా నడిచిన ఫంక్షన్ల జాబితా) మిమ్మల్ని నేరుగా ఆ లైను దగ్గరికి తీసుకెళ్తుంది.

మాక్ టెస్ట్-డబ్ల్యూపీటీ పక్కన ఆ ఫైలు పాత్ ఇస్తే అదొక్కటే నడుస్తుంది. జావాస్క్రిప్ట్‌తో అసర్ట్ చేసే (ఫలితం సరైందేనా అని తనిఖీ చేసే) టెస్టులైతే ఎర్రర్ మాటల్లో వస్తుంది. రెఫ్‌టెస్టులైతే రెండు పేజీలు గీసి పిక్సెళ్లు పోలుస్తుంది. ఒకటి పరీక్షించే ఫీచర్‌తో, ఇంకోటి అదే రూపాన్ని సాదా పద్ధతిలో చూపించేది. ఫెయిలైతే రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కోసారి మీ ఫీచర్ బాగానే ఉండి, రెఫరెన్స్ పేజీలో వాడిన సాదా పద్ధతే ఇంజిన్‌లో తప్పుగా ఉంటుంది.

మొత్తం టెస్టు వద్దు, దాన్ని కొరికి కొరికి చిన్నది చేయండి. సగం మార్కప్ తీసేసి నడపండి, ఇంకా ఫెయిలైతే మిగతా సగంలోనూ సగం తీసేయండి. పది లైన్లకి దిగేసరికి కారణం సగం తెలిసిపోతుంది.

స్పెసిఫికేషన్‌లో ప్రతి అడుగుకీ కారణం ఉంటుంది

డామ్, హెచ్‌టీఎంఎల్ స్పెసిఫికేషన్లు కథలా ఉండవు, అంకెలు వేసిన అడుగులుగా ఉంటాయి. ఇంజిన్ కోడ్‌లో మంచి ఫంక్షన్ ఆ అడుగుల్నే వరసగా పాటిస్తుంది, ప్రతి ముక్క పైనా "స్టెప్ 3" అంటూ కామెంట్ ఉంటుంది. ఆ కామెంట్లు అలంకారం కాదు. స్పెసిఫికేషన్ మారినప్పుడు తేడా పట్టుకోవడానికి అవే ఆధారం.

ఒక చోటు దగ్గరగా చూద్దాం. బటన్‌కి మూడు మామూలు క్లిక్ లిజనర్లు (క్లిక్ అయినప్పుడు నడిచే ఫంక్షన్లు) ఉన్నాయి, ఒక్కటీ క్యాప్చర్ (ముందే నడిచే రకం) కాదు. మొదటిది నడుస్తూ రెండోదాన్ని తీసేసి, కొత్తగా నాలుగోది చేర్చింది. ఈ క్లిక్‌కి ఏవి నడవాలి? ఒకటి, మూడు. డామ్ స్పెసిఫికేషన్ దీన్ని రెండు చిన్న అడుగుల్లో సాధిస్తుంది. లిజనర్ల జాబితాకి ముందు నకలు తీసుకోమంటుంది. తర్వాత నకలులోని ప్రతి లిజనర్‌కీ రిమూవ్డ్ అనే గుర్తు లేదని చూసుకున్నాకే నడపమంటుంది. నాలుగోది నకలులో లేదు కాబట్టి నడవదు, రెండోది నకలులో ఉన్నా గుర్తు పడింది కాబట్టి నడవదు.

నకలు తీయడం వృథా ఖర్చు కదా అని అసలు జాబితా మీదే లూప్ తిప్పితే ఏమవుతుందో రస్ట్‌లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. డామ్ ఆబ్జెక్టుల లోపలి విలువలు డామ్‌రెఫ్‌సెల్‌లో ఉంటాయి. చదవడానికి బారో (విలువ మీద తాత్కాలిక అరువు) తీసుకుని లూప్‌లో ఉన్నారు. లిజనర్‌ని పిలిచారు, అంటే పేజీ జావాస్క్రిప్ట్ చేతికి పగ్గాలు ఇచ్చారు. అది రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ అంది. ఆ ఫంక్షన్ అదే జాబితాని రాయడానికి బారో అడిగింది. అప్పటికే బారో అయి ఉంది కాబట్టి పానిక్ (రస్ట్ అక్కడికక్కడే ఆపేయడం), స్క్రిప్ట్ థ్రెడ్ కూలుతుంది, టెస్టు ఫలితం క్రాష్. సీ++లో ఇదే తప్పు చేస్తే పానిక్ కూడా రాకపోవచ్చు. ఇటరేటర్ చెల్లని మెమరీని చూపిస్తూ ఉండిపోతుంది, అదే రేపు సెక్యూరిటీ బగ్ అవుతుంది.

దీన్నుంచి పాటించాల్సిన నియమం: జావాస్క్రిప్ట్ నడిచే అవకాశమున్న ఏ పిలుపు దాటుతున్నా చేతిలో బారో ఉండకూడదు. కావాల్సింది క్లోన్ చేసుకుని, బారోని చిన్న బ్లాక్‌లో ముగించి, అప్పుడు పిలవండి. ఏ పిలుపులో స్క్రిప్ట్ నడుస్తుందో పైకి కనిపించదు. ఈవెంట్ పంపడం సరే, ఫోకస్ మార్చినా నడుస్తుంది, అట్రిబ్యూట్ మార్చితే కస్టమ్ ఎలిమెంట్ కాల్‌బ్యాక్ ద్వారా నడుస్తుంది.

దీనికి తోబుట్టువు లాంటి చిక్కు గార్బేజ్ కలెక్టర్‌ది (వాడని ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసేది). సర్వోలో డామ్ ఆబ్జెక్టుల ఆయుష్షు జావాస్క్రిప్ట్ ఇంజిన్ స్పైడర్‌మంకీ చేతిలో ఉంటుంది. స్ట్రక్ట్ ఫీల్డులో ఉంచేటప్పుడు డామ్ రకం, ఫంక్షన్ లోపల స్టాక్ మీద పట్టుకునేటప్పుడు డామ్‌రూట్ రకం వాడాలి. రూట్ లేకుండా పట్టుకుంటే, మధ్యలో కలెక్టర్ నడిచి ఆబ్జెక్టుని ఊడ్చేయగలదు. ఈ తప్పుని రస్ట్ కంపైలర్ మామూలుగా పట్టలేదు. అందుకే క్రౌన్ అనే ప్రత్యేక లింట్ (కోడ్ తనిఖీ) రాసుకున్నారు. డామ్ కోడ్ ముట్టుకున్నప్పుడు యూజ్-క్రౌన్ ఫ్లాగుతో ఒకసారి బిల్డ్ చేసి చూసుకోండి.

కొత్త మెథడ్ చేర్చాలంటే ముందు వెబ్‌ఐడీఎల్ ఫైల్లో (జావాస్క్రిప్ట్‌కి కనిపించే మెథడ్ల పట్టికలో) స్పెసిఫికేషన్‌లోని లైనుని ఉన్నదున్నట్టు పెట్టండి. బిల్డ్ చేస్తే కోడ్‌జెన్ నడిచి, ఆ మెథడ్ ఇంప్లిమెంట్ చేయలేదని రస్ట్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌లో కనిపించే సిగ్నేచర్‌నే కాపీ చేసుకుని లోపలి అడుగులు రాయండి. ఆర్గ్యుమెంట్ రకాలు ఊహించి రాయడం కన్నా ఇదే నమ్మదగ్గ పద్ధతి.

తెలుగు అక్షరం ఇంజిన్‌కి పెట్టే పరీక్ష

టెక్స్ట్ మీద పని చేసేవాళ్లు చాలా తక్కువ, తెలుగు చదవగలిగినవాళ్లు ఇంకా తక్కువ. ఇక్కడ మన కన్నే పెద్ద పనిముట్టు.

"స్త్రీ" అనే మాట తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకీ ఇచ్చిన సంఖ్యలు): స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. జావాస్క్రిప్ట్ లెంగ్త్ అడిగితే 6. లేఅవుట్ కోడ్ రస్ట్ స్ట్రింగుల్లో బైట్లతో లెక్కేస్తుంది, డామ్ యూటీఎఫ్-16 యూనిట్లతో, కర్సర్ అక్షర గుచ్ఛాలతో (కంటికి ఒక అక్షరంగా కనిపించే కోడ్‌పాయింట్ల గుంపులతో). ఒక లెక్కలోని స్థానాన్ని ఇంకో లెక్కలోకి మార్చకుండా పంపితే తప్పు. ఇంగ్లిషు టెస్టుల్లో మూడు లెక్కలూ ఒకటే కాబట్టి ఆ తప్పు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. తెలుగు పేరా పెట్టి మౌస్‌తో సెలెక్ట్ చేసి చూడండి, హైలైట్ ఒకచోట, కాపీ అయ్యేది ఇంకోచోట కనిపిస్తే దొరికినట్టే.

గుచ్ఛాల నియమం కూడా మారింది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు "స్త్రీ"ని స్, త్, రీ అని మూడు ముక్కలుగా లెక్కేసేవారు. 15.1లో చేరిన నియమం తెలుగుతో సహా కొన్ని లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లుల్ని ఒకే గుచ్ఛంగా ఉంచుతుంది. వర్డ్-బ్రేక్‌కి బ్రేక్-ఆల్ ఇచ్చి ఇరుకు బాక్సులో "స్త్రీ" పెట్టండి. లైను చివర "స్" ఒకటే మిగిలి "త్రీ" కిందికి దిగితే ఆ ఇంజిన్ ఇంకా పాత నియమంతో ఉందన్నమాట. ఒకటి గుర్తుంచుకోండి: బ్యాక్‌స్పేస్ వేరే సంగతి. అది గుచ్ఛాన్నంతా చెరిపేస్తే టైప్ చేసేవాళ్లకి నరకం. ఒక్క కోడ్‌పాయింట్ చెరపాలి, "స్త్రీ" నుంచి "స్త్ర" మిగలాలి.

ఇంకా సూక్ష్మమైనది "సాఫ్ట్‌వేర్". ఇందులో ట్ తర్వాత కంటికి కనపడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే (జీరో విడ్త్ నాన్-జాయినర్, పక్క హల్లులు కలవకుండా ఆపేది) ఉంటుంది, యూ+200సీ. అది లేకపోతే ఫ కింద ట వత్తుతో పాటు వ వత్తు కూడా పడి "సాఫ్ట్వేర్" అవుతుంది. చిక్కెక్కడంటే, కొన్ని తెలుగు ఫాంట్లలో ఈ కోడ్‌పాయింట్‌కి గ్లిఫ్ (గీసే రూపం) ఉండదు. ఫాంట్ ఫాల్‌బ్యాక్ కోడ్ (ఒక ఫాంట్‌లో లేని అక్షరానికి ఇంకో ఫాంట్ వెతికేది) అమాయకంగా ఒక్కో కోడ్‌పాయింట్‌కీ "ఈ ఫాంట్‌లో ఉందా" అని అడుగుతూ పోతే, దీని దగ్గర లేదని తేలి ఇంకో ఫాంట్‌కి పోతుంది. రన్ (ఒకే ఫాంట్‌తో గీసే ముక్క) అక్కడ తెగుతుంది. వెనకదీ ముందుదీ షేపర్‌కి (అక్షరాల రూపాలు కలిపి పేర్చే లైబ్రరీకి) విడివిడిగా వెళ్తాయి. అదృష్టం బాగుంటే రూపం సరిగ్గానే వస్తుంది, లేకపోతే చుక్కల వలయం (ఆధారపడే హల్లు లేని గుర్తుకి వచ్చేది) ప్రత్యక్షమవుతుంది. సరైన పద్ధతి, ఇలాంటి అదృశ్య కోడ్‌పాయింట్‌కి ఫాంట్ వెతక్కుండా ముందు అక్షరం ఫాంట్‌లోనే ఉంచేయడం. హార్ఫ్‌బజ్ అనే షేపర్ దాన్ని సున్నా వెడల్పుతో దాచేస్తుంది.

దీనికి టెస్టు రాయాలంటే మిస్‌మ్యాచ్ రెఫ్‌టెస్టు (రెండు పేజీలు వేరుగా ఉంటేనే పాసయ్యేది) ఒకటే చాలదు. జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉన్నదీ లేనిదీ వేరుగా కనిపించాలని అడిగితే, చుక్కల వలయం వచ్చినా వేరుగానే ఉంది కాబట్టి పాసైపోతుంది. అందుకని వెడల్పు కూడా కొలవండి. ఫాంట్ కెర్నింగ్ ఆపేసి, "సాఫ్ట్" ఒక ఇన్‌లైన్-బ్లాక్‌లో, "వేర్" ఇంకోదాంట్లో పెట్టి, రెండింటి మొత్తం పూర్తి మాట వెడల్పుకి సమానమని అసర్ట్ చేయండి. వలయం దూరితే మొత్తం తేడా వస్తుంది. ఫాంట్‌ని టెస్టుతో పాటే వెబ్‌ఫాంట్‌గా ఇవ్వండి, మెషీన్‌లో ఉన్న ఫాంట్ మీద ఆధారపడితే సీఐలో (ప్యాచ్ పంపగానే టెస్టులు నడిపే సర్వర్లో) వేరే ఫలితం వస్తుంది.

లెటర్-స్పేసింగ్ చూడటం కూడా మరవకండి. ఖాళీ ఇచ్చినప్పుడు ఐచ్ఛిక లిగేచర్లని మాత్రమే ఆపాలి. వత్తులు కట్టే ఫీచర్లని కూడా కలిపి ఆపేస్తే మాటలన్నీ పొల్లులతో విడిపోతాయి.

ప్యాచ్ పంపేముందు

కారణం దొరకనప్పుడు రస్ట్ లాగ్ వేరియబుల్‌లో మీరు చూస్తున్న క్రేట్ పేరు ఒక్కదానికే డీబగ్ స్థాయి ఇవ్వండి, అన్నిటికీ ఇస్తే వరద. ట్రీలని ప్రింట్ చేసే ఎంపికలు జెడ్ ఫ్లాగు హెల్ప్‌లో కనిపిస్తాయి. ఒకసారి వచ్చి ఇంకోసారి రాని బగ్ అయితే లినక్స్ మీద ఆర్ఆర్ అనే డీబగ్గర్‌తో రికార్డు చేయండి. ఒక్కసారి పట్టుబడితే చాలు, ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లయినా నడిపి చూడొచ్చు. దాన్ని పట్టుకోవడానికి టెస్ట్ రన్నర్‌లో అనుకోని ఫలితం వచ్చేదాకా తిప్పే రిపీట్ ఎంపిక ఉంది.

టెస్టు పాసయ్యాక ఆ ఒక్కదానితో ఆగకండి. అది ఉన్న ఫోల్డర్ మొత్తం రిలీజ్ బిల్డ్‌తో నడపండి. ఒక సబ్‌టెస్టు సరిచేస్తే పక్కవి ఐదు కూడా పాసవడం మామూలే, అప్పుడు అవన్నీ "అనుకోకుండా పాసయ్యాయి" అని ఫిర్యాదు వస్తుంది. రా లాగుని ఫైల్లోకి తీసుకుని మాక్ అప్‌డేట్-డబ్ల్యూపీటీకి ఇస్తే ఐఎన్ఐ ఫైళ్లు తనే సవరిస్తుంది. సవరించాక గిట్ డిఫ్ కంటితో చదవండి. ఫెయిల్ లైన్లు తగ్గాలి. కొత్త ఫెయిల్ లైను ఒక్కటి చేరినా అది మీ ప్యాచ్ విరగ్గొట్టింది, అది చేరకుండా సరిచేశాకే పంపండి.

చివరగా మాక్ ఎఫ్ఎంటీ (కోడ్ ఫార్మాట్ సరిచేసేది), మాక్ టెస్ట్-టైడీ (శైలి తనిఖీ) నడపండి. కమిట్‌కి ఎస్ ఫ్లాగు ఇచ్చి సైన్-ఆఫ్ లైను పెట్టండి. టైటిల్ ముందు ఏ భాగమో రాయండి, స్క్రిప్ట్ అనో లేఅవుట్ అనో. వివరణలో స్పెసిఫికేషన్ అడుగు లింకు, పాసైన టెస్టు పేరు ఉంటే రివ్యూ చేసేవాళ్లకి సగం శ్రమ తగ్గుతుంది. స్టైలోలో మార్పు ఉంటే అది వేరే రిపో కాబట్టి ముందు అక్కడ పంపాలి. అప్పటిదాకా మీ మెషీన్‌లో కార్గో టామ్ల్‌లో స్టైలో లోకల్ పాత్ ఇచ్చి పని కానివ్వండి. ఆ లైను పొరపాటున కమిట్‌లోకి పోకుండా చూసుకోండి.

మీరు రాసిన కొత్త టెస్టు, ఆ "సాఫ్ట్‌వేర్" వెడల్పు టెస్టు లాంటిది, సర్వో రిపోలోని డబ్ల్యూపీటీ ప్రతిలోనే పెట్టండి. పుల్ రిక్వెస్టు తెరిచినప్పుడు బాట్ దాన్ని మూల డబ్ల్యూపీటీ రిపోకి కూడా పంపుతుంది. అక్కడ కలిశాక క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ ఫలితాలు డబ్ల్యూపీటీ డాట్ ఎఫ్‌వైఐలో కనిపిస్తాయి, ఆ వరసలో ఎక్కడైనా ఎర్రగా ఉంటే ఆ ఇంజిన్‌వాళ్ల బగ్ ట్రాకర్‌లో అదే టెస్టు లింకుతో ఒక బగ్ వేయండి.